‘డబ్బు అన్నయ్యది, పేరు మాత్రమే నాది’ అని రాసిన బాండు పేపరు మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. 2009లో దుబాయ్ వెళ్లి 16 ఏళ్లు ఒకే కంపెనీలో స్టీల్ ఫిక్సర్‌గా చేసి, ఐదు నెలల కింద వీసా క్యాన్సిల్ చేసుకుని వచ్చేశాను. సంపాదించిందంతా తమ్ముడి ఖాతాకే పంపాను. ఆ డబ్బుతో 2011లో నాన్న పేరు మీద రెండెకరాల పొలం, 2013లో తమ్ముడి పేరు మీద 200 గజాల ప్లాటు కొన్నారు. ప్లాటులో ఇల్లు కట్టారు, అమ్మతో సహా అందరం అందులోనే ఉంటున్నాం. ప్లాటు కొనడానికని నేను తమ్ముడికి దుబాయ్ నుంచి జీపీఏ (నా తరఫున పనులు చేసే అధికారపత్రం) పంపిన మాట నిజం, అందులో ఏముందో గుర్తు లేదు. నాన్న 2021లో చనిపోయారు, వీలునామా లేదు. పొలం తమ్ముడి పాసు పుస్తకంలోకి వెళ్లిపోయింది, వారసుల జాబితాలో నా పేరే లేదు. సెలవు మీద వచ్చిన రోజుల్లో నెత్తిన పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు ‘ఇల్లు మాది, నువ్వు వేరే చూసుకో’ అంటున్నారు. పెద్దమనుషులు బాండు పేపరు మీద ‘డబ్బు అన్నయ్యది, పేరు మాత్రమే నాది’ అని తమ్ముడితో రాయించి ఇద్దరి సంతకాలు తీసుకుంటామంటున్నారు. ఆ కాగితం చెల్లుతుందా? కంపెనీ గ్రాట్యుటీ కూడా ఇంకా ఇవ్వలేదు. పొలం దున్నింది, చివరి రోజుల్లో నాన్నను చూసుకుంది మాత్రం తమ్ముడే.

జవాబు: ముందు ఒక్క మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పెద్దమనుషులు మీ మేలు కోరే చెబుతున్నారు, అందులో అనుమానం లేదు, కానీ ‘డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది’ అనే వాక్యం చట్టం భాషలో బినామీకి అర్థం. మీ హక్కుకు సాక్ష్యం అవుతుందనుకుని మీరు రాయించుకునే ఆ ముక్కే రేపు మీ దావాను మొదట్లోనే కొట్టేయించడానికి పనికొస్తుంది. 1988 బినామీ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, బినామీ పేరు మీదున్న ఆస్తి అసలు నాదేనని కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. ఆ చట్టాన్ని 2016 నవంబరు 1 నుంచి మరింత గట్టి చేశారు. ఇప్పుడు బినామీగా ఉన్న మనిషి ఆ ఆస్తిని అసలు యజమానికి తిరిగి రాసిచ్చినా అది చెల్లదు. అంటే మీ తమ్ముడు మనసు మార్చుకుని రిజిస్ట్రేషన్ చేసిస్తానన్నా, పునాది ఆ బాండు పేపరైతే అది నిలవదు. పైగా బినామీ లావాదేవీకి ఏడాది నుంచి ఏడేళ్ల వరకు కఠిన జైలు శిక్ష, ఆస్తి మార్కెట్ విలువలో నాలుగో వంతు దాకా జరిమానా ఉన్నాయి. ‘మేం కొన్నది 2016కు ముందు కదా’ అనే ధీమా కూడా వద్దు. ఆ విషయంలో ఊరటనిచ్చిన 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పును అదే కోర్టు 2024 అక్టోబరులో వెనక్కి తీసుకుంది.

‘అన్నదమ్ములకు మినహాయింపు ఉందట కదా’ అని చాలామంది అడుగుతారు. ఉంది, కానీ ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉమ్మడి యజమానులుగా ఉంటేనే. తల్లిదండ్రుల పేరు మీద కొన్నా ఇదే షరతు. పూర్తి మినహాయింపు భార్య, పిల్లల పేరు మీద కొన్నదానికే, అదీ లెక్క చూపగలిగే డబ్బుతో కొని ఉంటే.

అలాగని అబద్ధం చెప్పమనడం లేదు. జరిగింది పూర్తిగా చెప్పమంటున్నాను. పొలానికి, ఇంటికి దారులు వేరు, రెండింటినీ కలిపి ‘అంతా నా కష్టార్జితం’ అని ఒకే గంపలో వేస్తే రెండూ పోతాయి. ఇన్నేళ్లు ఎండలో ఇనుము వంచిన మనిషికి ఈ మాట ఎంత బాధ కలిగిస్తుందో నాకు తెలుసు. మా కోర్టులో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల ఫైలు ఏది తెరిచినా మొదటి పేజీలో ‘అంతా నాదే’ అని ఉంటుంది, కేసు నీరుగారేది కూడా అక్కడే.

పొలం సంగతి చూద్దాం. మీరు దుబాయ్‌లో ఉండగా మీ పేరు మీద వ్యవసాయ భూమి కొనడానికి అసలు వీల్లేదు. విదేశీ మారకపు చట్టం (ఫెమా) నిబంధనల కింద ఎన్నారైలు ఇల్లు, ప్లాటు కొనుక్కోవచ్చు గానీ పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. అందుకని పొలం విషయంలో మీ డబ్బు ప్రస్తావనే అక్కర్లేదు. అది మీ నాన్న పేరు మీదున్న భూమి, ఆయన వీలునామా రాయకుండా పోయారు, కాబట్టి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద అమ్మకు, పిల్లలందరికీ సమాన వాటా. మీకు చెల్లెలు గానీ అక్క గానీ ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఒక ఆడబిడ్డ ఉందనుకుంటే నాలుగు వాటాలు, 80 గుంటల్లో మనిషికి 20 గుంటలు. పెళ్లి చేసి పంపించాం, కట్నం ఇచ్చాం అనే మాటలు ఇక్కడ పనిచేయవు.

మీరు లేకుండా విరాసత్ (వారసుల పేరుకు పొలం మార్పిడి) అయిపోయిందని బెంగ పడకండి. పాసు పుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన మిగతా వారసుల హక్కు చెరిగిపోదు. వారసుల జాబితాలో మీ పేరు వదిలేసి తెచ్చుకున్న మార్పిడి అది. తెలంగాణలో కొత్త భూ రికార్డుల చట్టం భూభారతి వచ్చాక, అంతకుముందు ధరణి కాలంలో లేని అప్పీలు దారి రెవెన్యూలో మళ్లీ తెరుచుకుంది కాబట్టి ఆ పిటిషన్ వేయండి, కానీ అక్కడితో ఆగిపోవద్దు. ఎవరి వాటా ఎంతో తేల్చేది సివిల్ కోర్టు. పంపకం దావా వేసి, అందులోనే భూమి అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) అడగాలి. ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి చూసుకోండి, ఈపాటికే ఎవరికైనా అగ్రిమెంటు చేశాడేమో ఊళ్లో కనుక్కోండి. రైతుబంధు డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయన్న గొడవ ఇప్పుడు ఎత్తొద్దు. పొలం దున్నింది, చివరి రోజుల్లో నాన్నను చూసుకుంది తమ్ముడేనని మీ ఉత్తరం చివర్లో మీరే రాశారు. ఆ మాట జడ్జి ముందు కూడా మీ నోటితోనే రానివ్వండి.

ఇల్లు, ప్లాటు దగ్గరే అసలు చిక్కు, ఇక్కడ అంతా రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. మొదటిది ఆ జీపీఏ. ప్లాటు వ్యవసాయ భూమి కాదు కాబట్టి దాన్ని మీ పేరు మీదే కొనడానికి ఏ అడ్డూ లేదు. ‘నా తరఫున, నా పేరు మీద కొని రిజిస్ట్రేషన్ చేయించు’ అని జీపీఏలో ఉండి, మీ డబ్బు తీసుకుని తన పేరు పెట్టించుకున్నాడంటే, అది మీరిద్దరూ కూడబలుక్కుని చేసిన బినామీ కాదు, మీరు పెట్టిన నమ్మకాన్ని అతను తప్పడం. నమ్మకస్తుడి హోదాలో ఒకరి పేరు మీదున్న ఆస్తికి బినామీ చట్టంలో మినహాయింపు ఉంది. తోబుట్టువులంతా డబ్బు వేసుకుంటే ఒక్కరి పేరు మీదకు వచ్చిన ఇంటి విషయంలో సుప్రీంకోర్టు 2012లో ఈ మినహాయింపునే వర్తింపజేసింది. కాబట్టి ఆ జీపీఏ కాపీ ఇంట్లో లేకపోతే ఎక్కడ అటెస్టేషన్ అయిందో ఆ కాన్సులేట్‌లో అడగండి. విదేశంలో రాసిన జీపీఏకు ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి, అలా కట్టి ఉంటే రిజిస్ట్రార్ ఆఫీసులో జాడ దొరుకుతుంది. దొరికినా దొరక్కపోయినా ఆ జీపీఏను రద్దు చేస్తున్నట్టు వెంటనే రాతపూర్వకంగా తమ్ముడికి నోటీసు ఇవ్వండి, సబ్ రిజిస్ట్రార్‌కు ఒక కాపీ ఇవ్వండి, రిజిస్టర్ అయిన జీపీఏ అయితే రద్దు కూడా రిజిస్టర్ చేయించండి. రద్దు సంగతి మూడో మనిషికి తెలిసేదాకా, మీ పేరున అతను చేసే పని మిమ్మల్ని కట్టిపడేసే ప్రమాదం ఉంది.

రెండోది, మీ ఇల్లు ఇన్నాళ్లూ ఎలా నడిచిందన్నది. ఒకే పొయ్యి, ఒకే రేషన్ కార్డు, మీరు పంపిన డబ్బూ పొలం మీద వచ్చిన డబ్బూ ఒకే చేతిలో పడి అందులోంచే పెళ్లిళ్లు, ఆసుపత్రులు, ప్లాటు, స్లాబు అన్నీ అయ్యాయా? అయితే అది ఉమ్మడి కుటుంబం ఆస్తి అని వాదించొచ్చు. కుటుంబ సభ్యుడి పేరు మీద, కుటుంబం డబ్బుతో, కుటుంబం కోసం ఉన్న ఆస్తిని బినామీ అనరు. ఇందులో మీరు వదులుకోవాల్సింది ఒకటుంది, ఆ దారిలో ఇల్లు మొత్తం మీది కాదు, అందరిదీ. ‘నాది’ అంటే చట్టం తలుపు వేస్తుంది, ‘మనది’ అంటే వినే అవకాశం ఉంది. ఉమ్మడి అని రుజువు చేసే భారం మాత్రం మీదే, కోర్టు ఒప్పుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. జీపీఏ దారి, ఉమ్మడి దారి రెండూ ఒకదానికొకటి పొసగవు కాబట్టి, కాగితాలన్నీ చూశాకే ఏది ముందు పెట్టాలో మీ వకీలు నిర్ణయించాలి. ఈలోగా ఇల్లు ఖాళీ చేసి అద్దెకు పోవద్దు. కుటుంబంతో సహా స్థిరంగా ఉంటున్న మనిషిని కోర్టు ద్వారా తప్ప బయటికి గెంటడం కుదరదు.

సాక్ష్యం సంగతి మీరనుకున్నదాని కంటే అర్జెంటు. ఎక్స్‌ఛేంజ్‌లో డబ్బు వేసిన రసీదుల మీద సిరా ఎండకు, చెమటకు ఎగిరిపోయి తెల్ల కాగితాలవుతాయి, ఉన్నవాటిని ఇవాళే ఫొటో తీసిపెట్టండి. మీ పేరు మీద జరిగిన పాత బదిలీల లిస్టు ఆ ఎక్స్‌ఛేంజ్‌ను అడిగి తీసుకోండి. బ్యాంకులు పాత లెక్కలు ఎల్లకాలం దాచవు. హుండీలో, అంటే బ్యాంకు కాకుండా మధ్యవర్తుల చేతుల మీదుగా, పంపిన డబ్బుకు లెక్క లేదు, ఆ పంపడమే ఫెమాకు విరుద్ధం కాబట్టి దాన్ని దావాలో కలపడం గురించి వకీలుతో విడిగా మాట్లాడండి.

అన్నిటికన్నా ముఖ్యం మీ ఫోను. ‘అన్నా, స్లాబు పడ్డది, సిమెంటుకు ఇంకో యాభై వేలు పంపు’ లాంటి వాయిస్ మెసేజీలు, పిల్లర్లు లేస్తున్న ఫొటోలు, తమ్ముడి మెసేజీలు అన్నీ మీ దుబాయ్ నంబరు వాట్సాప్‌లో ఉంటాయి. ఇక్కడికి వచ్చాక ఆ సిమ్ పోతుంది, కొత్త నంబరుతో కొత్తగా మొదలుపెడితే చాట్లు పోతాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లోనే ‘నంబరు మార్పు’ అనే దారిలో మార్చండి, ముందుగా బ్యాకప్ తీయండి, ఫోను ఎవరికీ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో వాటిని కోర్టులో పెట్టాల్సి ఉంటుంది.

గడువు గురించి ఒక పొరపాటు నమ్మకం ఉంది, ‘నేను దేశంలో లేను కాబట్టి నాకు టైమ్ లెక్క ఆగిపోతుంది’ అని. ఆగదు. ప్రతివాది దేశంలో లేని కాలాన్నే లెక్కలోంచి తీసేస్తారు, దావా వేసే మనిషి లేకపోతే కాదు. పంపిన డబ్బు తిరిగి ఇమ్మనే దావాకు గడువు మూడేళ్లు, కాబట్టి పాతవాటికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. కానీ ఒక మంచి వెసులుబాటు ఉంది. గడువు దాటిన బాకీనైనా ‘ఇంత ఇస్తాను’ అని తమ్ముడు రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ఆ మాట చెల్లుతుంది. పెద్దమనుషులు నిజంగా రాజీ చేయాలనుకుంటే, మీరు పంపినదాంట్లో తమ్ముడు బాకీగా ఒప్పుకున్న మొత్తాన్ని ఎప్పుడెప్పుడు ఎంతెంత ఇస్తాడో రాయించడం మంచిది. దాన్ని మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే పెట్టి లోక్ అదాలత్ అవార్డుగా తీసుకుంటే, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పొలం పంపకాన్నీ వారసులంతా ఒప్పుకుంటే అక్కడే తేల్చుకోవచ్చు.

గ్రాట్యుటీకి యూఏఈ చట్టంలో లెక్క స్పష్టంగా ఉంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్. మీ బేసిక్ 1,200 దిర్హాములు అనుకుంటే రోజుకు 40, మొదటి ఐదేళ్లకు 4,200, మిగతా 11 ఏళ్లకు 13,200, మొత్తం 17,400 దిర్హాములు. ఓవర్‌టైమ్, రూమ్ అలవెన్సు ఇందులో రావు. పని మానేసిన 14 రోజుల్లో ఇది ఇచ్చెయ్యాలి, ఇవ్వకపోతే ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది, మీకింకా ఐదు నెలలే అయ్యాయి. క్యాన్సిల్ చేసేటప్పుడు ‘అన్నీ ముట్టాయి’ అని అరబీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టారేమో గుర్తు చేసుకోండి. అక్కడున్న నమ్మకమైన మనిషికి ఈ ఒక్క పనికే పవర్ రాసి, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ అటెస్టేషన్లు చేయించి పంపితే వాళ్ల కార్మిక శాఖలో ఫిర్యాదు వేయొచ్చు. ఈసారి పవర్ పత్రంలో ప్రతి లైనూ చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

మీ పేరున ఎన్నారై ఖాతా ఏదైనా ఉంటే తిరిగొచ్చేశానని బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాగా మార్పించండి, గ్రాట్యుటీ వస్తే అందులోకే తెప్పించుకోండి, ఇంకెవరి ఖాతాకూ వద్దు.

పంచాయతీకి మాత్రం తప్పకుండా వెళ్లండి, అమ్మను కూర్చోబెట్టండి, ఆడబిడ్డ ఉంటే ఆమెనూ పిలిపించండి. రాసిన కాగితం ఏదైనా ఫొటో తీసి వకీలుకు చూపించాకే సంతకం చేస్తానని చెప్పండి. జీపీఏ కాపీ చేతికి వచ్చాక మళ్లీ రాయండి, అందులో ‘నా పేరు మీద’ అనే మాట ఉందో లేదో ముందు చూసి రాయండి.