పక్క పత్రికతో చేయి కలిపే ముందు

చిరంజీవి బిడ్డకు, హనుమకొండ నుంచి పెద్దబాపు ఆశీస్సులు.

నీ త్రైమాసిక పత్రికకు పాఠకులను పెంచడానికి కరీంనగర్, సిద్దిపేటల్లోని చిన్న పత్రికలవాళ్ళతో కలిసి పనిచేయాలనుకుంటున్నావని మీ బాపు ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో మళ్ళీ ఒకరు పత్రిక నడుపుతున్నందుకు నాకు ఎంతో గర్వంగా ఉంది. అయితే ఆ మాట విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు, అందుకే ఈ ఉత్తరం.

నీ ఆలోచన మంచిది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు గోల్కొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు ఒంటరిగా వాదించి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచికను వెలువరించారు. తన పద్యం అచ్చయిన సంచికను ఏ కవి అయినా నలుగురికి చూపించకుండా ఉంటాడా? పదిమందిని కలుపుకొన్న పత్రికకు పాఠకులు ఆ పదిమంది ఇళ్ళ నుంచే మొదలవుతారు.

పత్రిక పేరు రిజిస్టరు చేయించడం, ప్రూఫులు రెండుసార్లు దిద్దడం, చెప్పిన తేదీకి తపాలాలో వేయడం నీకు తెలిసినవే. పొత్తుకు ఎవరిని ఎంచుకుంటావన్నదే అసలు విషయం. నీలాగే గుళ్ళు, శాసనాల గురించి రాసే పత్రికతో కలిస్తే ఉన్న పాఠకులనే ఇద్దరూ పంచుకుంటారు. వ్యవసాయం గురించి రాసేవాళ్ళను, పిల్లల కథలు వేసేవాళ్ళను వెతుకు. వాళ్ళ పాత సంచికలు నాలుగైదు తెప్పించుకొని చదివి, నీకు నచ్చిన వ్యాసం పేరు, ఎందుకు నచ్చిందో రాసి, ఆ తరువాతనే పొత్తు మాట ఎత్తు. నీ దగ్గర మిగిలిపోయిన వ్యాసమొకటి వాళ్ళకు పంపుదామనుకుంటున్నావట. ఆ పని చేయకు బిడ్డా! అక్కడి పాఠకులు నిన్ను మొదటిసారి చూసేది ఆ వ్యాసంలోనే కాబట్టి, నీ సంచిక కోసం దాచుకున్న అన్నిటికన్నా మంచిదాన్ని వాళ్ళకివ్వు. చివర నీ పత్రిక పేరు, చందా వివరం రెండు పంక్తుల్లో వేయమని అడుగు, చాలు.

ఇక నా భయం సంగతి. మా పత్రికకు చందాదారుల రిజిస్టరు ఒకటి ఉండేది. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి లెక్కల పుస్తకంలో ప్రతి చిరునామా పక్కన పెన్సిలుతో చిన్న చిన్న మాటలు రాసుకునేవాళ్ళం: ఈయన బడిపంతులు, బదిలీ కావచ్చు, ఈమెకు అక్షరాలు పెద్దవి కావాలి, వీరు పత్తి అమ్ముడుపోయాక చందా పంపుతారు. వేరే ఊరి పత్రికతో ఉమ్మడి సంచిక వేయాలనుకున్నప్పుడు, మా సంపాదకవర్గంలోని ఒక మిత్రుడు, మంచితనం కొద్దీ, ఎవరినీ అడగకుండా ఆ రిజిస్టరును వాళ్ళకు ఎత్తి రాసుకోవడానికి ఇచ్చాడు. ఒప్పందం కాగితం మీద లేదు. చిరునామాలు దేనికి వాడుకోవాలో, దేనికి వాడుకోకూడదో ఎవరూ అనుకోనూ లేదు. నెల తిరగకుండానే మా చందాదారులందరికీ ఆ పత్రిక నుంచి చందా కట్టమని ఉత్తరాలు వెళ్ళాయి, ఆ వెనుక ఒక పుస్తకాల దుకాణం నుంచి, ఒక చిట్టీల సంస్థ నుంచి కూడా వెళ్ళాయి. పరకాల వైపు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కార్డు రాశాడు: మిమ్మల్ని నమ్మి మా ఇంటి చిరునామా ఇస్తే దానిని ఊరందరికీ పంచుతారా, ఇకపై నాకు పత్రిక పంపవద్దు అని. అలాంటి కార్డులు ఇంకా వచ్చాయి. ఒక్కొక్కరికీ క్షమాపణ రాశాం. కొందరు తిరిగి వచ్చారు, ఆ మాస్టారు రాలేదు. రెండు పత్రికల వాళ్ళం ఎదురుపడినా పలకరించుకోని రోజులు వచ్చాయి, ఉమ్మడి సంచిక అచ్చుకే పోలేదు.

అందుకని, ఎంత ఆత్మీయులు అడిగినా పాఠకుల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవ్వకు. వాళ్ళ ప్రకటన కాగితాన్ని నీ సంచికలో పెట్టి నువ్వే పంపు, నీది వాళ్ళు పంపుతారు. ఇష్టమైన పాఠకుడు తానే రాసుకుంటాడు. కాగితం ఖర్చు ఎవరిది, అచ్చు ఎవరిది, ఎవరికెన్ని ప్రతులు, మిగిలినవి ఎవరి ఇంట్లో ఉండాలి అన్నది ఒక పుటలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. సంతకం అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడతావు, నీ స్వభావం నాకు తెలుసు. ఆ మొహమాటం చూసే నాకు నిద్ర పట్టడం లేదు తల్లీ.

ఉమ్మడి సంచికకు విషయం కావాలంటే చెరువులను తీసుకో. రామప్ప, పాఖాల, లక్నవరం చెరువుల చరిత్ర నువ్వు రాయి. తూము ఎత్తడం, మత్తడి దూకడం, నీరటివాళ్ళు పొలాలకు వంతులు వేయడం గురించి వ్యవసాయ పత్రికవాళ్ళు రాస్తారు. ఖానాపురంలో నాకు తెలిసిన రైతులున్నారు, కబురు చేస్తే నేనూ నీతో వస్తాను. ఆ సంపాదకులకు రాసే మొదటి ఉత్తరాన్ని మాత్రం పంపేముందు నాకు ఒకసారి చూపించు. రాత్రిళ్ళు మేలుకొని ప్రూఫులు దిద్దుతున్నావని మీ అమ్మ బాధపడుతున్నది, ఆ పని పొద్దున్నే పెట్టుకో.

ఇట్లు,
మీ పెద్దబాపు