అమ్మాయి రేడియోలో చేరతానంటోంది, చుట్టాలకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. రేడియో జర్నలిస్టు అవుతానని పట్టుబట్టింది. వాళ్ల నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు మూడు నెలల ఆర్‌జే (రేడియో జాకీ) కోర్సుకు 90 వేలు అడుగుతున్నారు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. దాని గొంతు బాగుంటుందని అందరూ అంటారు. ఈ కోర్సు మంచిదా, జర్నలిజం పీజీ మంచిదా? అసలు రేడియో ఇంకా ఉందా? మీ అమ్మాయి ఏం చేస్తోందని చుట్టాలు అడిగితే ఏం చెప్పుకోవాలి? (కర్నూలు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఆ 90 వేలు కట్టకండి. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే రేపే ఫోన్ చేసి వెనక్కి అడగండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

ఇలాంటి ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరు రేడియో అంటారు, ఒకరు ఫొటోగ్రఫీ అంటారు, ఇంకొకరు నాటకం అంటారు. ఏ ఇంటి నుంచి వచ్చినా చివరి వాక్యం మాత్రం చుట్టాల గురించే ఉంటుంది. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అందులో ఫీజు ఉంది, వాళ్ల నాన్న ఉన్నారు, చుట్టాలు ఉన్నారు. అమ్మాయి ఏం వింటుంది, ఏం చదువుతుంది, ఎప్పుడైనా నాలుగు పేరాలు రాసిందా అన్నది ఒక్క ముక్క కూడా లేదు. గొంతు బాగుందని ఎవరో అన్నారని రాశారు, మీరు కూర్చోబెట్టి విన్నారా? కటువుగా అంటున్నానని తెలుసు. కానీ ఈ నిర్ణయంలో అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం అదే.

ఇక ఆర్‌జే కోర్సు గురించి. నేను చూసినంతలో ఈ అకాడమీలు చెప్పని విషయం ఒకటుంది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు తయారు చేసి చదివే అనుమతి లేదు. 2011 విధానం ప్రకారం ఆకాశవాణి బులెటిన్‌ను ఒక్క అక్షరం మార్చకుండా వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, ఆటల స్కోర్లు, పరీక్షల ఫలితాలు లాంటివి చెప్పుకోవచ్చు. అంతకుమించి లేదు. అంటే అమ్మాయి కోరుకుంటున్న రేడియో వార్తల పని ఉన్నది ఆకాశవాణిలోనే. ఆర్‌జే కోర్సు నేర్పేది వేరే పని, పాటకీ పాటకీ మధ్య ఉత్సాహంగా మాట్లాడటం, ప్రకటనకర్తల ఈవెంట్లలో యాంకరింగ్ చేయడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లను పెంచుకోవడం. అది చెడ్డ పని అనను, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ జర్నలిస్టు అవుదామని వెళ్లిన పిల్లకు అది నేర్పి పంపిస్తే మోసం చేసినట్టే. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నదాన్ని స్టాంపు పేపరు మీద రాసివ్వమని అడిగి చూడండి, ఏమంటారో మీకే తెలుస్తుంది.

అలాంటి కోర్సు పూర్తి చేసిన అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చాడు. మంచి గొంతు, గలగలా మాట్లాడతాడు. ఆ రోజు పేపరు చేతికిచ్చి శ్రీశైలం వరద వార్త చదవమన్నాను. 2,14,560 క్యూసెక్కులు అన్న చోట ఆగిపోయాడు. కాసేపు తడుముకుని, ఆ అంకె మొత్తం ఇంగ్లిషులో చదివాడు. తర్వాతి వాక్యం నాలుగు లైన్లుంది, క్రియ ఎక్కడో చివర. సగంలో ఊపిరి అయిపోయింది. తప్పు వాడిది కాదు, మూడు నెలల్లో వాడికి ఇది ఎవరూ నేర్పలేదు. రేడియోకి ఆ వార్త రాసేవాళ్లు "శ్రీశైలం జలాశయానికి రెండు లక్షల పద్నాలుగు వేల క్యూసెక్కులకు పైగా వరద వస్తోంది" అని ముక్క విరిచి, ఆపి, తర్వాతి వాక్యం మొదలుపెడతారు. పేపరైతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాం. రేడియోలో ఆ అవకాశం లేదు, పొలంలో మోటారు పక్కన నిలబడి వింటున్న రైతుకు ఒక్కసారికే అర్థం కావాలి. అందుకే గొంతు కంటే ముందు తెలుగు రాయడం రావాలి, ఇంగ్లిషు కాపీ చేతికిస్తే పది నిమిషాల్లో తెలుగులో పెట్టడం రావాలి. శ, ష, స తేడా, ల, ళ తేడా నాలుక మీద పలకాలి.

ఆకాశవాణి గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వార్తా విభాగంలో ఎడిటర్ల స్థాయి పోస్టుల్లో ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సర్వీసైన ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్లుంటారు, అక్కడికి పోటీ పరీక్ష దారి వేరు. కార్యక్రమాల వైపు పర్మనెంటు ఉద్యోగాల భర్తీ ఏళ్ల తరబడి నత్తనడకే. బయటి నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా క్యాజువల్ ప్యానెల్‌లో, అంటే అవసరమైనప్పుడు డ్యూటీకి పిలిచే వాళ్ల జాబితాలో చేరతారు, అనౌన్సర్‌గానో, న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్‌గానో. రాతపరీక్ష, స్వర పరీక్ష పెట్టి తీసుకుంటారు. క్యాజువల్ అనౌన్సర్‌కు నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు. దానితో ఇల్లు గడవదు. ఆకాశవాణి జిల్లా విలేకరి పని కూడా పార్ట్ టైమే. కాబట్టి వాళ్ల నాన్న బ్యాంకు పరీక్ష రాయమనడంలో తప్పు లేదు. రేడియో వదిలేసి రాయమంటేనే తప్పు. పగలు కాలేజీలో పాఠం చెప్పి సాయంత్రం డ్యూటీకి వచ్చే లెక్చరర్లు, పిల్లల్ని బడికి పంపి స్టూడియోకి వచ్చే గృహిణులు ఈ ప్యానెళ్లలో ఎప్పుడూ ఉన్నారు.

కోర్సా, పీజీయా అన్న మీ ప్రశ్నకు నా జవాబు పీజీనే. ఉస్మానియాలో ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) ఉంది. ఎంట్రన్స్ వివరాలు అమ్మాయే చూసుకుంటుంది, మీరు వెతకక్కర్లేదు. సెంట్రల్ యూనివర్సిటీకి సొంత కమ్యూనిటీ రేడియో కూడా ఉంది. పీజీ ఉంటే రేడియో కుదరకపోయినా డెస్కు, అనువాదం, డిజిటల్ వార్తలు అన్నీ తెరిచే ఉంటాయి. ఆర్‌జే సర్టిఫికెట్‌తో ఆ భరోసా ఉండదు.

సీమ యాస అడ్డమవుతుందేమోనని కూడా చాలామంది తల్లులు అడుగుతారు. వార్తలు చదవడానికి ప్రామాణిక ఉచ్చారణ నేర్చుకోవాలి, అది సాధనతో వస్తుంది. రైతుతో ముఖాముఖి చేసేటప్పుడు మాత్రం అదే యాస ఆస్తి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియోని నడిపింది పెద్ద చదువుల్లేని దళిత మహిళలు. విత్తనాల గురించి, పంటల గురించి వాళ్ల మాటలోనే మాట్లాడారు, వినేవాళ్లు విన్నారు.

చుట్టాల సంగతి అడిగారు కదా. మీ చిన్నప్పుడు ఇంట్లో రేడియో ఉండే ఉంటుంది. పన్యాల రంగనాథరావు, మాడపాటి సత్యవతి లాంటివాళ్లు వార్తలు చదువుతుంటే పెద్దవాళ్లు మనల్ని నోరు మూసుకోమనేవాళ్లు, గుర్తుందా? ఆ పని చేస్తానంటోంది మీ అమ్మాయి. చుట్టాలకు అదే చెప్పండి. ఆమె ఏ చెడ్డదారీ పట్టలేదు, తెలుగు బాగా నేర్చుకునే పని కోరుకుంది. పీజీ చేతిలో ఉంటుంది, బ్యాంకు పరీక్ష రాసుకుంటూ ఉంటుంది, ఈ రెండేళ్లలో మీరు భయపడాల్సింది ఏమీ లేదు.

ఈ వారం ఒక పని చేయండి. రోజూ రాత్రి పేపర్లో ఒక వార్త తీసుకుని, ఆరు చిన్న వాక్యాల్లో తిరగరాసి, ఫోన్‌లో రికార్డు చేయమనండి. మీరు వంటింట్లో పని చేసుకుంటూ వినండి, చేతులు ఆపకుండా. ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి. కర్నూలులో ఆకాశవాణి కేంద్రం ఉంది, క్యాజువల్ ప్యానెల్‌కు నోటిఫికేషన్ ఎప్పుడు వేస్తారో కనుక్కోవాలి. అది మాత్రం ఆమెనే వెళ్లి అడగనివ్వండి, వెంట మీరు వద్దు.