పోలండ్ పాత పటం చేతికొస్తే ముందు ఏం చూడాలి

బుజ్జీ,

వ్రోత్స్వాఫ్ పాత సామాన్ల సంతలో కొన్న పటం ఫొటో చూశాను. ప్రాజెక్టు అంతా దాని మీదే చేస్తానన్నావు, చాలా సంతోషం. కానీ మొదలుపెట్టే ముందు నా మాట కాస్త విను, క్రాకోవ్‌లో ఉన్న ఇరవై ఏళ్ళూ ఈ పటాలతోనే గడిపాను కాబట్టి ఎక్కడెక్కడ తప్పటడుగు పడుతుందో నాకు తెలుసు.

పటం తెరవగానే ఊళ్ళు వెతక్కు, ముందు అంచులు చదువు. ఎవరు సర్వే చేశారు, ఏ సంవత్సరంలో చేశారు, ఎప్పుడు అచ్చు వేశారు అన్నది అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది. నీది జర్మన్ల 1:25,000 స్కేలు షీటులా ఉంది. అలాంటివాటిలో చాలావరకు 19వ శతాబ్దం చివర్లో కొలిచినవే, తర్వాత కొత్త రోడ్లూ రైలు పట్టాలూ మాత్రం చేర్చి 1930ల దాకా మళ్ళీ మళ్ళీ అచ్చు వేశారు, అందుకని కింద 1936 అని ఉందని అందులోని ప్రతి ఇల్లూ ఆ ఏటిదే అనుకోవద్దు.

సంవత్సరం ఉన్న మూల చిరిగిపోతే టెన్షన్ పడకు, ఊరి పేర్లు పట్టిస్తాయి. జాబ్జే పట్టణానికి హిండెన్‌బర్గ్ అని ఉంటే ఆ పటం 1915కీ 1945కీ మధ్యది. కటోవిట్సే చోట స్తాలినోగ్రూద్ అని కనిపిస్తే 1953 నుంచి 1956 లోపుది, అంతకు ముందూ తర్వాతా ఆ పేరు లేదు. ఒకే ఊరికి నాలుగు పేర్లుంటాయి: పోలిష్ వాళ్ళకి ల్వూఫ్, ఆస్ట్రియా పటాల్లో లెంబర్గ్, రష్యన్లకి ల్వోఫ్, ఉక్రెయిన్ వాళ్ళకి ల్వీవ్. ఒక నోట్‌బుక్కులో ఒక్కో ఊరికి ఒక్కో వరుస పెట్టి అన్ని పేర్లూ రాసుకో, ఏది అసలు పేరు అన్న చర్చలోకి మాత్రం దిగకు.

రేఖాంశాలు కూడా జాగ్రత్త. పాత జర్మన్, ఆస్ట్రియన్ షీట్లు చాలావరకు గ్రీనిచ్ నుంచి కాకుండా ఫెర్రో ద్వీపం నుంచి లెక్కపెట్టినవి, అది గ్రీనిచ్‌కి పడమరగా 17 డిగ్రీల 40 నిమిషాలు. ఈ సంగతి తెలియక నేను రెండు నెలలు ఒక పల్లెటూరిని అది లేని చోట వెతికాను.

ఇక సరిహద్దు గీతలు. 1772, 1793, 1795ల్లో రష్యా, జర్మన్ రాజ్యమైన ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ని పంచేసుకున్నాయి (1793లో మాత్రం ఆస్ట్రియా లేదు), 1918 దాకా 123 ఏళ్ళు స్వతంత్ర పోలండ్ అన్నదే లేదు. మొదటి పంపకంలో జరిగింది నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. ఒప్పందంలో పొద్‌గూజే అనే చిన్న నది హద్దు అని రాశారు. తీరా నేల మీదకి వెళ్తే ఆ పేరుతో నదే లేదు! చేతిలో ఉన్న పటాలు అంత తప్పులతడకగా ఉండేవి. ఆస్ట్రియా వాళ్ళు తమకి ఎక్కువ భూమి వచ్చేలా తూర్పున ఉన్న జ్బ్రూచ్ నదినే హద్దుగా తీసుకున్నారు. తర్వాత చాలాకాలం ఆస్ట్రియాకీ రష్యాకీ మధ్య అదే హద్దు, 1921 నుంచి 1939 దాకా పోలండ్‌కీ సోవియట్లకీ మధ్య కూడా అదే హద్దు. కాగితం మీది తప్పు అన్నేళ్ళు అక్కడి జనం మధ్య గోడై నిలబడిందంటే నాకు ఇప్పటికీ మనసు అదోలా అవుతుంది.

కర్జన్ రేఖ అని వస్తుంది, అవును, 1905లో బెంగాల్‌ని చీల్చిన ఆ కర్జనే. పోలండ్‌కీ సోవియట్లకీ మధ్య హద్దు ఈ గీత మీద ఉండాలని 1920లో బ్రిటన్ విదేశాంగ మంత్రిగా అతను పంపిన ప్రతిపాదన అప్పుడు అమలు కాలేదు, 1945లో దాదాపు ఆ గీత మీదే తూర్పు సరిహద్దు పెట్టారు. పడమట ఓడర్, నైసే నదుల దాకా పోలండ్‌కి ఇచ్చారు. దేశం మొత్తాన్ని పడమరకి జరిపినట్టయింది, సుమారు 3,88,000 చదరపు కిలోమీటర్లు ఉన్నది 3,12,000కి తగ్గింది. 1945 తర్వాతి జర్మన్ పటాల్లో కూడా 1937 సరిహద్దులు ఇంకా కనిపిస్తే ఆశ్చర్యపోకు, జర్మనీ ఈ హద్దుని ఒప్పుకుంటూ చివరి ఒప్పందం చేసుకుంది 1990 నవంబరులో.

నువ్వుంటున్న వ్రోత్స్వాఫ్ 1945 దాకా జర్మన్ల బ్రెస్లౌ. ఉన్న జర్మన్లను పంపేశారు, సోవియట్లకి పోయిన ల్వూఫ్ వైపు ఇళ్ళు వదిలేసి వచ్చిన పోలిష్ కుటుంబాలు కొన్ని ఆ ఇళ్ళలో దిగాయి. ల్వూఫ్‌లో 1894లో ప్రదర్శనకి పెట్టిన రత్స్‌వావిత్సే పనోరమా అనే భారీ యుద్ధ చిత్రం ఇప్పుడు మీ ఊళ్ళోనే ఉంది, ఒస్సొలినెయుం గ్రంథాలయం పుస్తకాల్లో కొంత భాగం కూడా అలాగే వచ్చింది. రెండూ చూసి రా, ఆ తర్వాతే పటం ముందు కూర్చో.

మీ మెట్ల మీద కనబడే పెద్దావిడకి పటం చూపిస్తానన్నావు కదా, తప్పకుండా చూపించు, కానీ నీ షీటు ఒక్కటే పట్టుకెళ్ళకు. వాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడి నుంచి వచ్చారో ముందు అడిగి, ఆ ప్రాంతానికి పోలిష్ సైనిక భూగోళ సంస్థ యుద్ధానికి ముందు వేసిన 1:1,00,000 షీటు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, అది ప్రింటు తీసుకెళ్ళు. ఆవిడ ఊరిని ఏ పేరుతో పిలిస్తే నువ్వూ ఆ పేరే వాడు. వేలు పెట్టి చూపిస్తే చూపించనీ, నువ్వు తొందరపెట్టకు.

లామినేషన్ మాత్రం చేయించకు, పాడైపోతుంది. నాలుగు మూలలూ విడివిడిగా ఫొటో తీసి పంపు, సంవత్సరం సంగతి ఇద్దరం కలిసి చూద్దాం.

పెదనాన్న