యుద్ధాన్ని తెర వెనకే ఉంచు

చిరంజీవికి, ఆశీస్సులు.

మొదటి ప్రపంచ యుద్ధం మీద నువ్వు రాసిన నాటకం చదివాను. 1916లో గోదావరి పక్క పల్లె నుంచి ముగ్గురు కుర్రాళ్లు పట్టాళంలో చేరడం, వాళ్లలో ఒక్కడే తిరిగి రావడం. కథ నిలబడుతుంది. ఇంటింటా సైనికులున్న ఊరుగా పేరుపడ్డ మిలటరీ మాధవరం ఉన్న జిల్లాలో ఈ నాటకం ఆడితే చూడ్డానికి జనం వస్తారు.

రెండో అంకం మాత్రం తీసెయ్. బస్రా ఎడారి, తుపాకుల మోత, రికార్డు మీద బాంబుల శబ్దాలు. నాటక పరిషత్తు పోటీల జడ్జీలు మార్కులు వేస్తారేమో గానీ, ప్రేక్షకుడు అదంతా సినిమాల్లో ఇంతకంటే బాగా చూసేశాడు. పైగా మద్రాసు సాపర్లలో, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళంలో, చేరినవాడికి మెసపటోమియాలో (ఇప్పటి ఇరాక్) చేతికి దొరికేది ఎక్కువగా పలుగూ పారే. రోడ్లు వెయ్యాలి, కందకాలు తవ్వాలి, టైగ్రిస్ మీద వంతెన కట్టాలి. ఇంటి దగ్గర చేసిన మట్టిపనే అక్కడ కాల్పుల మధ్య చేశాడు. ఆ సంగతి వాడి నోట ఒక్క ముక్కలో వస్తే చాలు.

నీ అసలు డ్రామా ఉత్తరంలో ఉంది. నువ్వేమో రెండు లైన్లలో దాటేశావు. చదువురాని సిపాయి చెబుతుంటే పక్కవాడు రాస్తాడు. మధ్యలో సెన్సారు ఆఫీసరు చదువుతాడు. ఊళ్లో బడిపంతులు పైకి చదివి వినిపిస్తుంటే చుట్టూ సగం ఊరు. ఇంతమంది వినే ఉత్తరంలో కొడుకు తల్లికి "భయంగా ఉందమ్మా" అని ఎలా చెప్పుకుంటాడు? ఫ్రాన్సు నుంచి మన సిపాయిలు కొందరు మిరియాల కబుర్లు రాశారు. నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్రవంటే తెల్లవాళ్లు. సెన్సారు వాళ్లు ఆ గుట్టు కూడా పట్టేశారనుకో. నీ సిపాయికీ అలాంటిదొకటి ఇవ్వు. ఎప్పుడో చచ్చిపోయిన ఎర్రెద్దు మేత సరిగా తింటోందా అని అడగమను. పంతులు మామూలుగా చదువుకుపోతాడు. చెల్లెలు ఒక్కతే తలెత్తుతుంది.

ఆ పిల్ల గురించే నా గొడవంతా. యుద్ధం మార్చింది వెళ్లినవాణ్ణే అన్నట్టు రాశావు. మనియార్డరు లెక్క చూసుకునేది ఆమె, కౌలు కట్టేది ఆమె. 1918లో బియ్యం, బట్ట ధరలు మండిపోయి మద్రాసు ప్రెసిడెన్సీలో జనం దుకాణాలు, గిడ్డంగులు లూటీ చేశారు. ఆ ఏడే ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేసింది. ఊరు దాటకుండానే ఇవన్నీ చూసిన మనిషిని పట్టుకుని, తిరిగొచ్చిన అన్న "నీకేం తెలుసే" అంటాడు. నీ స్క్రిప్టులో ఆమె కళ్లొత్తుకుని లోపలికి పోతుంది. నేనైతే అప్పుల కాగితాలు తెచ్చి వాడి ముందు పెట్టిస్తాను, చదవలేక వాడే ఆమె చేతికి తిరిగిస్తాడు.

వాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం అందరూ రాసేదే, వదిలెయ్. మునసబు అరుగు ముందు బూట్లు విప్పకుండా నిలబడటం మాత్రం భలే పట్టావు. అక్కడ ఆ పేజీడు డైలాగు దేనికి? వాడు నిలబడితే చాలు, మునసబు కంగారుపడతాడు.

ఇంకొకటి. సిపాయి జీతం ముప్పై రూపాయలని రాశావు. అప్పట్లో నెలకు 11. అందులో ఇంటికి ఎంత మిగల్చగలడో లెక్కేసి మనియార్డరు సీను సరిచెయ్యి. రిహార్సల్స్ మొదలుపెట్టకముందే పంపు, చూస్తాను.