పదివేలమంది సంగతి తరవాత, ముందు పాతికమందిని చూడు

ఒరే చిన్నోడా,

నీ మెసేజ్ చదివాను. శ్రీకాకుళం వాళ్ళ కోసం మాస్టోడాన్ సర్వర్ పెడతానన్నావు, అదే, ట్విట్టర్ లాంటిదే కానీ ఒక్క కంపెనీ చేతిలో లేకుండా ఎవరికి వాళ్ళు సర్వర్ పెట్టుకుని మిగతా సర్వర్లతో కలిసి నడిపేది, బాగుంది. ఆరు నెలల్లో పదివేలమందిని చేరుస్తానన్నావు చూడు, అక్కడ నాకు టీ గొంతుకి అడ్డం పడింది.

నేను ఈ విజయనగరంలో కూర్చుని 2019 నుంచి చిన్న సర్వర్ ఒకటి నడుపుతున్నాను కదా. ఖాతాలు ఆరువందల పైచిలుకు. ఈ పొద్దున్న చూస్తే, నెలలో ఒక్కసారైనా తొంగిచూసినవాళ్ళు డెబ్భై ఒక్కరు. మీ అత్త దీన్ని ఖాళీ కల్యాణమండపానికి కరెంటు బిల్లు కట్టడం అంటుంది. అయినా ఇన్నేళ్ళుగా ఆపలేదంటే ఆ డెబ్భై ఒక్కరి వల్లే, మిగతా వాళ్ళ లెక్క చూసుకుని నేనెప్పుడూ సంబరపడలేదు, అంటే మొదట్లో పడ్డాననుకో, అదే చెప్తాను.

2019 నవంబరులో సంజయ్ హెగ్డే అనే సుప్రీంకోర్టు లాయర్ ఖాతాని ట్విట్టర్ ఆపేసిందని మనవాళ్ళు గుంపులుగా మాస్టోడాన్‌కి వచ్చారు. నాకూ అప్పుడే పూనకం వచ్చి సర్వర్ తెరిచాను. వారంలో రెండువందలమంది. సంక్రాంతికి చూస్తే మాట్లాడేవాళ్ళు నలుగురం, అందులో ఒకణ్ణి నేనే. మళ్ళీ 2022 అక్టోబరు చివర మస్క్ ట్విట్టర్‌ని కొన్నాక ఇంకో ఉప్పెన. ఆ డిసెంబరుకి మాస్టోడాన్ సర్వర్లన్నీ కలిపి నెలకి పాతిక లక్షలమంది దాకా వాడారు, తరవాత తగ్గుతూ పోయారు. కోపంతో వచ్చినవాడికి మన దగ్గర ఏముందో అక్కర్లేదురా, అక్కడ ఏం పోయిందన్నదే ధ్యాస. కోపం చల్లారగానే వెనక్కి పోతాడు, ఎందుకంటే వాడి బావమరిది, వాడి క్రికెట్ గోల, వాడు తిట్టుకునే మంత్రి అంతా అక్కడే ఉన్నారు.

మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల సెంటర్ దగ్గర నిలబడితే ఇసకేస్తే రాలనంత జనం. అది మంగళవారం. ఆ జనాన్ని చూసుకుని అక్కడ టిఫిన్ హోటల్ తెరిచినవాడు బుధవారం పొద్దున్న ఇడ్లీ ఎవరికి పెడతాడు?

ట్విట్టర్‌కి పోటీగా వచ్చిన మన దేశపు యాప్ ‘కూ’ సంగతి నీకు గుర్తుండే ఉంటుంది, మన తెలుగులో కూడా ఉండేది. 2020లో బెంగళూరులో మొదలైంది, 2021 మొదట్లో కేంద్రానికీ ట్విట్టర్‌కీ పేచీ రాగానే మంత్రులు, ఆఫీసులు అందులో చేరిపోయారు. నేనూ చేరాను. పండగ శుభాకాంక్షలు, నాయకుడి ఫొటో, దాని కింద దండాల బొమ్మలు. మా వీధిలో కొళాయి నీళ్ళు రాలేదని రాస్తే పలికే మనిషి లేడు. పెద్ద కంపెనీలతో కలిసే చర్చలు ఫలించక 2024 జులైలో మూసేశారు. డబ్బులున్నవాడికైనా ఇదే తంటా అని చెప్పడానికి, ట్విట్టర్‌కి పోటీగా జుకర్‌బర్గ్ పెట్టిన థ్రెడ్స్ చూడు. 2023 జులైలో అయిదు రోజుల్లో పదికోట్లమంది చేరారు, అందులో సగం మంది కూడా నిలవలేదని ఆ నెలాఖరుకే జుకర్‌బర్గ్ తన ఉద్యోగులతో అన్నాడు. వెనక ఇన్‌స్టాగ్రామ్ ఉంది కాబట్టి మళ్ళీ లేచింది. నీ వెనక ఎవరున్నారు? నేనున్నాను, నా పెన్షన్ ఎంతో నీకు తెలుసు.

అందుకని ఎంతమంది చేరారన్నది చూడకు. సర్వర్ నడిపేవాళ్ళకి కనిపించే మాస్టోడాన్ అడ్మిన్ డాష్‌బోర్డులో ఒక పట్టిక ఉంటుంది, ఏ నెలలో చేరినవాళ్ళు తరవాతి నెలల్లో ఎంతమంది మిగిలారో చూపిస్తుంది. రోజూ చూడాల్సింది అదొక్కటే. దాంట్లో కూడా ఎక్స్‌లో (అదే, పాత ట్విట్టర్‌లో) పెట్టిందే ఇక్కడికి ఆటోమేటిక్‌గా వచ్చేలా పెట్టుకునేవాళ్ళని తీసేసి లెక్కపెట్టుకో. వాళ్ళ పోస్టు వస్తుంది, మనిషి రాడు.

ఇప్పుడు అసలు విషయం. కొత్తవాడు లోపలికి వచ్చిన మొదటి పది నిమిషాల్లో వాడికి ఏం కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా? ఏమీ కనిపించదు. ఇక్కడ వాడికి ఏది నచ్చుతుందో కనిపెట్టి ముందుకు తోసే అల్గారిథమ్ లేదు, వాడు ఎవర్ని ఫాలో అయితే వాళ్ళ మాటలే వస్తాయి. పైగా చిన్న సర్వర్‌కి ఇంకో శాపం ఉంది, మన సర్వర్‌లో ఎవరో ఒకరు ఫాలో అవుతున్న బయటి ఖాతాల పోస్టులే మామూలుగా మన దాకా వస్తాయి. వాడు ఉత్సాహంగా శ్రీకాకుళం అని హ్యాష్‌ట్యాగ్ కొట్టి వెతుకుతాడు, బయట పాతిక పోస్టులున్నా మన దగ్గర సున్నా. ఊళ్ళో ఎవరూ లేరనుకుని తలుపు వేసి పోతాడు. దీనికి మందు, తలుపులు తెరవకముందే నువ్వు నెల రోజులు కూర్చుని తెలుగులో రాసే ఖాతాల్ని వెతికి ఫాలో అవ్వు. ఆ జాబితాని ఫైలుగా దింపి కొత్తవాళ్ళకి ఇయ్యి, వాళ్ళు ఎక్కించుకుంటే మొదటి రోజే టైమ్‌లైన్ నిండుతుంది. ఇలాంటిదే ఇంకో నెట్‌వర్క్ బ్లూస్కైవాళ్ళు 2024లో స్టార్టర్ ప్యాక్‌లని పెట్టింది ఇందుకే, ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో అయిపోవచ్చు.

కానీ టైమ్‌లైన్ నిండినంత మాత్రాన మనిషి ఉండడు. నా సర్వర్‌కి ఉద్దానం, అదే శ్రీకాకుళం జిల్లా కొబ్బరితోటల సీమ, అక్కడి కుర్రాడొకడు వచ్చాడు, సూరత్‌లో పని. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వాళ్ళ కొబ్బరితోట మొత్తం పడిపోయింది. ఆ చోట వాళ్ళ నాన్న కొత్త మొక్కలు నాటితే, వాటి ఫొటో ఇంటినుంచి తెప్పించుకుని పెట్టాడు. కింద ఒకే వాక్యం, కాపుకి ఎన్నేళ్ళు పడుతుందండీ అని. నేనప్పుడు పెళ్ళిపనిమీద రాజాం వెళ్ళాను. మూడో రోజు చూసి ఇంత పొడుగు జవాబు రాశాను. వాడు మళ్ళీ లాగిన్ అవ్వలేదు. ఇప్పటికీ ఆ పోస్టు అలాగే ఉంది, నా జవాబు ఒక్కటే కింద వేలాడుతూ. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను, కొత్తవాడి మొదటి పోస్టుకి ఆ రోజు పడుకునేలోగా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. లైక్ కాదు, జవాబు. ఇంకో ముగ్గుర్ని పట్టుకుని వంతులు వేసుకున్నాం. నా పట్టికలో అంకెలు పెరగడం మొదలైంది ఆ తరవాతే.

రాయనివాళ్ళ గురించి టెన్షన్ పడకు. జనం వెబ్‌సైట్లు ఎలా వాడతారో పరిశోధించే జాకబ్ నీల్సన్ అని ఒకాయన 2006లోనే చెప్పాడు, నూటికి తొంభైమంది చదివి ఊరుకుంటారు, తొమ్మిదిమంది అప్పుడప్పుడు మాట కలుపుతారు, ఒక్కడు తెగ రాస్తాడు అని. నా దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు రెండేళ్ళు ఒక్క అక్షరం రాయలేదు, రోజూ చదివేవారట. ఒక శుక్రవారం రాత్రి, మన వైపు కుర్రాణ్ణి పిలిచే గుంటడు అన్న మాట తిట్టా, ముద్దా అని నేను ఊరికే అడిగాను. అంతే, ఆయన లేచారు. శ్రీకాకుళం వాడు ఒకటంటాడు, బొబ్బిలి వాడు ఇంకోటంటాడు, విశాఖలో స్థిరపడినవాళ్ళు మా పిల్లలకి ఆ మాటే తెలీదని బాధపడతారు. నూట నలభై జవాబులు! అప్పటినుంచి శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకి ఒక మాట వేస్తాను, ఎనిమిదీ ఇరవైకే జనం వచ్చి కూర్చుంటారు. మనవాళ్ళకి పొద్దున్నంతా వాట్సాప్ స్టేటస్‌లే సరిపోతాయి, ఆ టైములో పోటీ పడకు. భోజనాలయ్యాక ఖాళీ దొరుకుతుంది, అది పట్టుకో.

ఇక తలుపు దగ్గర కాపలా. ఎవరైనా చేరొచ్చని బార్లా తెరిచి పెట్టకు, చేరడానికి కారణం అడిగి నువ్వు ఒప్పుకున్నాకే ఖాతా తెరిచే పద్ధతి పెట్టు. 2024 ఫిబ్రవరిలో స్పామ్ దాడి జరిగినప్పుడు పట్టించుకునేవాడు లేక తెరిచి వదిలేసిన చిన్న సర్వర్లలోనే వేలకి వేలు దొంగ ఖాతాలు పుట్టాయి. గొడవలు చేసేవాడు తెలిసినవాడైతే ఇంకా కష్టం. ఎన్నికలప్పుడు ఒకడు కులం పేరెత్తి రాస్తుంటే, పాత స్నేహితుడు కదా అని మూడు రోజులు నాన్చాను. నేను వాణ్ణి తీసేసేలోపు పదకొండుమంది చెప్పాపెట్టకుండా మానేశారు, అందులో ఏడుగురు ఆడవాళ్ళు. వాళ్ళు ఫిర్యాదు చెయ్యరు, రావడం మానేస్తారంతే.

మిగతావి గబగబా చెప్తాను. బయటి సర్వర్ల ఫొటోలు, వీడియోలు మన డిస్క్‌లో కాపీలుగా పేరుకుపోతాయి, వాటిని ఇన్ని రోజులకి తుడిచెయ్యమని సెట్టింగుల్లో పెట్టు, నేను పెట్టక దసరా రోజుల్లో డిస్క్ నిండి రెండు రోజులు మూతపడ్డాం. బ్యాకప్ రోజూ. ఫిర్యాదులు తీసుకునే మనిషి పేరు, చిరునామా సైట్‌లో కనబడాలి, మన ఐటీ నిబంధనలు చిన్నవాళ్ళకీ వర్తిస్తాయి. సర్వర్ తాళాలు, అంటే పాస్‌వర్డ్‌లు, నీతోపాటు ఇంకొకరి దగ్గర ఉండాలి. మూసెయ్యాల్సి వస్తే మూడు నెలల ముందు చెప్పు, మాస్టోడాన్‌వాళ్ళు తమ జాబితాలో చేర్చుకునే సర్వర్లని అడిగే మాట కూడా అదే. వేరే సర్వర్‌కి మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు, ఆ సంగతి చేరినప్పుడే చెప్పెయ్యి.

పోస్టర్లు ఇప్పుడే అచ్చు వేయించకు. ముందు ఒక నెల నా సర్వర్‌లో కొత్తవాళ్ళకి జవాబులిచ్చే వంతు తీసుకో, మంగళ, శని వారాలు నీవి. నీ ఖాతా నువ్వే తెరుచుకో. చేరడానికి కారణమేంటని అడుగుతుంది, మేనల్లుణ్ణి అని రాస్తే ఒప్పుకోను.

మావయ్య