కరెంటు పోయినా తక్‌పట్టీ పోకుండా ఫైలు రాయడం

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో కాంటా పక్కన రాస్‌బెర్రీ పై అనే, ఎస్‌డీ కార్డుతో నడిచే చిన్న కంప్యూటర్ పెట్టి, పైథాన్ ప్రోగ్రాంతో తక్‌పట్టీలన్నీ (తూకం చీటీలు) ఒకే ఫైల్లో రాస్తున్నామన్నారు. ఫైలు క్లోజ్ చేస్తున్నా కరెంటు పోయినప్పుడు చివరి పట్టీలు పోతున్నాయని, ఒక్కోసారి ఫైలు సున్నా బైట్లు అవుతోందని మీ ప్రశ్న.

అన్నా, క్లోజ్ చేసినంత మాత్రాన డేటా కార్డు మీదికి చేరదు. పైథాన్ తాత్కాలికంగా పోగేసుకునే బఫర్‌లోంచి, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ర్యామ్‌లో ఉంచుకునే పేజ్ క్యాష్‌లోకి పోతుంది, అంతే. లినక్స్ మామూలు సెట్టింగుల్లో అది 30 సెకన్ల దాకా ర్యామ్‌లోనే ఉండిపోవచ్చు. గాలిదుమారానికి ఆలోపే కరెంటు పోతే పట్టీ పోయినట్టే. సున్నా బైట్లకు కారణం 'డబ్ల్యూ' మోడ్. తెరవగానే పాతది చెరిగిపోతుంది, కొత్తదేమో ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది.

అసలు ఫైలును ముట్టుకోకండి. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్లో మొత్తం రాసి, ముందు ఫ్లష్ (పైథాన్ బఫర్‌లోది కెర్నెల్‌కు పంపేది), తర్వాత ఓఎస్ డాట్ ఎఫ్‌సింక్ (కెర్నెల్ దగ్గరున్నది కార్డు మీదికి రాయించేది) చేయండి. రెండూ కావాలి, ఫ్లష్ మానేస్తే పైథాన్ బఫర్‌లో మిగిలింది ఎఫ్‌సింక్‌కు కనపడదు. ఆపైన ఓఎస్ డాట్ రీప్లేస్‌తో దాని పేరును అసలు ఫైలు పేరుగా మార్చి, ఫోల్డర్‌ను కూడా ఓఎస్ డాట్ ఓపెన్‌తో తెరిచి ఎఫ్‌సింక్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. కొత్త పేరు ఫోల్డర్‌లో నమోదవుతుంది కాబట్టి, ఇది చేయకపోతే కరెంటు వచ్చాక పాత ఫైలే కనిపించొచ్చు. రైతు చేతికిచ్చే కాగితం ఇదంతా అయ్యాకే ప్రింట్ కావాలి.

ఎఫ్‌సింక్ ఎర్రర్ ఇస్తే మళ్లీ అదే పిలవొద్దు. రాయలేకపోయిన పేజీలను కెర్నెల్ రాసేసినట్టే లెక్కేసుకోవచ్చు. రెండోసారి 'సరే' అంటుంది, డేటా మాత్రం ఉండదు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారుచేసేవాళ్లను కలవరపెట్టింది ఇదే. కొత్త ఫైల్లో మొదటినుంచి రాసి, కార్డును అనుమానించండి.

పట్టీలు ఎక్కువైతే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడటమే మేలు. వాల్ మోడ్ (మార్పులను ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) పెడితే సింక్రోనస్ అనే సెట్టింగును ఫుల్‌లో ఉంచండి. నార్మల్‌లో డేటాబేస్ చెడదు కానీ చివరి లావాదేవీలు పోవచ్చు.

ఇక కార్డు సంగతి. ఎఫ్‌సింక్ ఎంత సరిగ్గా చేసినా, నాసిరకం ఎస్‌డీ కార్డు రాయకముందే రాశానని చెప్పొచ్చు. రాస్తుండగా కరెంటు పోతే పక్కనున్న పాత డేటా కూడా పాడుకావచ్చు. చిన్న యూపీఎస్ అయినా పెట్టండి, లేదా కరెంటు పోయినా రాత ముగించే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ తీసుకోండి.

ప్రోగ్రాంను కిల్ చేసి పరీక్షిస్తే ఏమీ తేలదు, పేజ్ క్యాష్ బతికే ఉంటుంది. ఎఫ్‌సింక్ అయిన ప్రతి పట్టీ నంబరును నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్‌కు పంపుతూ, రాస్తుండగానే ప్లగ్గు పీకండి. అక్కడికి చేరిన నంబరు ఇక్కడ లేకపోతే, తప్పు కోడ్‌లోనో కార్డులోనో ఉన్నట్టే.