నార్మల్ డెలివరీ లెక్కతో అప్పు చేయకండి

ప్రశ్న: నేను హెచ్1బీ మీద డాలస్‌లో ఓ చిన్న కన్సల్టెన్సీ ద్వారా పనిచేస్తున్నాను. మా ఆవిడది హెచ్4, ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఫిబ్రవరి రెండో వారంలో డెలివరీ డేట్ ఇచ్చారు. ఆస్పత్రిలోనే, కానీ డాక్టర్ల బదులు ప్రసవం చేయించే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ల చేతుల మీదుగా, వీలైతే ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు) కూడా లేకుండా నార్మల్ డెలివరీ కావాలని తన కోరిక. హైదరాబాద్‌లో మా అక్కకూ, వాళ్ల వదినకూ సిజేరియన్లే అయ్యాయి. ఆ భయం తనలో ఉండిపోయింది. నార్మల్ అయితే 3,000 డాలర్లు దాటదని ఇక్కడి ఫ్రెండ్స్ అంటున్నారు. నెలకు చేతికి 6,900 వస్తుంది, 5,200 ఖర్చవుతుంది. బ్యాంకులో 9,000 ఉన్నాయి. శంకర్‌పల్లి వైపు ప్రీలాంచ్‌లో తీసుకున్న ప్లాటుకు డిసెంబర్‌లో 20 లక్షలు కట్టాలి. 25,000 డాలర్ల పర్సనల్ లోన్ 13.5 శాతం వడ్డీకి ఇస్తామంటున్నారు. లోన్‌తో ప్లాటు కట్టేసి, ఉన్న 9,000 డెలివరీకి ఉంచుకోవచ్చా? నొప్పుల సమయంలో పక్కనుండి సాయం చేసే డౌలా 1,600 అడుగుతోంది. అది తగ్గించుకోమంటారా?

జవాబు: లోన్ తీసుకోకండి. మిగతా విషయాలు నిదానంగా మాట్లాడుకుందాం కానీ, ఈ ఒక్కదానికి జవాబు మొదటే చెప్పాలి.

మీ ఆవిడ కోరికలో తప్పేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంత లేదు. అలాంటి చోట పుట్టి పెరిగిన అమ్మాయి కోత లేకుండా కనాలని కోరుకోవడం సహజం. మిడ్‌వైఫ్‌లు చూసే ఆస్పత్రిని ఎంచుకోవడం కూడా మంచి నిర్ణయమే. పక్కనే ఆపరేషన్ థియేటర్ ఉంటుంది, అవసరమైతే డాక్టరూ ఉంటారు.

కానీ నార్మల్ డెలివరీ అనేది మీ కోరిక. దాన్నే బడ్జెట్‌గా రాసుకుంటే కుదరదు. అమెరికాలో కూడా దాదాపు 32 శాతం ప్రసవాలు సిజేరియన్లే. అందులో మొదటి నుంచీ నార్మల్ కావాలనుకున్నవాళ్లూ ఉంటారు. నొప్పులు రాక మందులతో తెప్పించాల్సి (ఇండ్యూస్) రావచ్చు. పద్దెనిమిది గంటలు ఓర్చుకున్నాక తనే ఎపిడ్యూరల్ అడగవచ్చు. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గి, పది నిమిషాల్లో థియేటర్‌కి తీసుకెళ్లవచ్చు. ఆ పది నిమిషాల్లో మీరు బ్యాంక్ బ్యాలెన్స్ గురించి ఆలోచించే పరిస్థితి రాకూడదు. నా పట్టుదల అంతా అందుకే.

ఇక ఆ 3,000 సంగతి. మీ ఫ్రెండ్స్ అబద్ధం చెప్పలేదు. అమెరికాలో వైద్య ఖర్చుల మీద అధ్యయనాలు చేసే పీటర్సన్, కేఎఫ్ఎఫ్ సంస్థలు 2018-20 మధ్య పెద్ద కంపెనీల ఇన్సూరెన్స్ క్లెయిములు చూసి, గర్భం నుంచి ప్రసవానంతర వైద్యం దాకా మొత్తం ఖర్చు సగటున 18,865 డాలర్లని, అందులో కుటుంబం జేబులోంచి కట్టేది 2,854 అని లెక్క తేల్చాయి. అయితే అది పెద్ద కంపెనీల సగటు. మీది చిన్న కన్సల్టెన్సీ. మీరు పంపిన కాగితంలో మీ ప్లాన్ డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మీరే భరించాల్సింది, కుటుంబానికి 6,000. ఆ తర్వాత 20 శాతం మీ వాటా. అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాక్సిమమ్, అంటే ఏడాదిలో మీరు కట్టే గరిష్ఠ వాటా, ఒక్కరికి 6,500, కుటుంబానికి 13,000. డెలివరీ ఫిబ్రవరిలో కాబట్టి, ఈ ఏడాది స్కానింగులకూ రక్తపరీక్షలకూ మీరు కట్టినదంతా జనవరి 1న చెరిగిపోయి మీటర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. తల్లి బిల్లు 16,000, బిడ్డ బిల్లు 3,000 వచ్చాయనుకుందాం. అన్నీ సవ్యంగా జరిగిన నార్మల్ డెలివరీకే మీరు కట్టేది సుమారు 7,100: తల్లికి గరిష్ఠం 6,500, బిడ్డ బిల్లులో 20 శాతం 600. ఏ ఫ్రెండ్ లెక్కలోనూ ఈ అంకె ఉండదు. బిడ్డ నాలుగు రోజులు పసిపిల్లల ఐసీయూ (ఎన్ఐసీయూ)లో ఉండాల్సి వస్తే 13,000 దాకా వెళ్తుంది. మీ దగ్గరున్నది 9,000.

చాలామంది మరిచిపోయేది బిడ్డ బిల్లు. పుట్టిన క్షణం నుంచీ ఆ బిడ్డ వేరే పేషెంట్. పేరు కూడా పెట్టకముందే తన పేరిట బిల్లులు మొదలవుతాయి.

నవంబర్‌లో మీ ఆఫీసులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ ఉందన్నారు. ఏటా ప్లాన్ మార్చుకునే సమయం అదే, మీకున్న అసలు అవకాశం కూడా అదే. మీరు పంపిన రెండో ప్లాన్‌కి ప్రీమియం నెలకు 210 ఎక్కువ. డిడక్టబుల్ ఒక్కరికి 1,000, గరిష్ఠ వాటా ఒక్కరికి 3,500, కుటుంబానికి 7,000. ఇందాకటి బిల్లులే, అదే 20 శాతం వాటాతో వేసి చూస్తే, ఇందులో మీ వాటా 4,900. ఏడాది అదనపు ప్రీమియం 2,520 కలిపితే 7,420. అంటే అంతా బాగా జరిగితే రెండు ప్లాన్‌లకూ తేడా మూడు వందలే. హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) పన్ను ఆదా కలిపితే పాత ప్లానే ఇంకొంచెం చౌక. బాగా జరగకపోతే పాతదానిలో 13,000, కొత్తదానిలో ప్రీమియంతో సహా 9,520. మూడు వందల కోసం మూడున్నర వేల రిస్క్ మోయకండి. ప్లాన్ మార్చండి. మార్చే ముందు మాత్రం మీ ఆస్పత్రి, మిడ్‌వైఫ్ గ్రూపు, పిల్లల డాక్టరు ముగ్గురూ ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో ఎవరి సంగతి వాళ్ల బిల్లింగ్ ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి. ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉంటే మిడ్‌వైఫ్‌లూ ఉన్నట్టే అనుకుని దెబ్బతిన్నవాళ్లు నాకు ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో మత్తు డాక్టరు బయటివాడైనా అదనపు బిల్లు వేయకుండా 2022 జనవరి నుంచి చట్టం ఉంది కాబట్టి, ఆ టెన్షన్ కాస్త తగ్గింది.

ఇప్పుడు అసలు జబ్బుకు వద్దాం. మీ దగ్గర ఎమర్జెన్సీ ఫండ్ లేదు. 9,000 అంటే రెండు నెలల ఖర్చు కూడా కాదు. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు, అదీ హెచ్1బీ మీద, అదీ కన్సల్టెన్సీలో. ప్రాజెక్టు పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఉద్యోగం పోయిన రోజు నుంచి ఈ దేశంలో ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94, అంటే మీరు ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు, అంతకన్నా ముందే ముగిసిపోతే ఆ తేదీ వరకే. ఆ 60 రోజుల్లోనే కొత్త ఉద్యోగం వెతకాలి, అద్దె కట్టాలి, ఉద్యోగం పోయాక కూడా అదే ఇన్సూరెన్స్ కొనసాగించే కోబ్రా తీసుకుంటే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా కలిపి పూర్తి ప్రీమియం మీరే కట్టాలి. నిండు గర్భిణి ఇంట్లో ఉంటే కోబ్రా వద్దనుకునే వీలూ ఉండదు. ఇరవై మందికన్నా తక్కువ ఉద్యోగులున్న కంపెనీకి కోబ్రా వర్తించదు. మీ కన్సల్టెన్సీలో ఎంతమంది ఉన్నారో కనుక్కోండి.

ఇలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 31,200, డాలర్లలో, అమెరికా బ్యాంకులోనే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి. దానిమీద వడ్డీ ఎంత వస్తుందని లెక్కలు వేయకండి. ఫిబ్రవరిలోపు అంత పోగవదని నాకూ తెలుసు. నెలకు 1,700 మిగులుతోంది కదా. ఈ నెల జీతంతో మొదలుపెట్టి జనవరి దాకా నాలుగు నెలలు ఒక్క డాలరూ ఇండియాకు పంపకుండా దాస్తే 15,800 అవుతుంది. అందులో 7,000 కొత్త ప్లాన్ గరిష్ఠ వాటాగా విడి ఖాతాలో పెట్టేయండి. మిగిలింది ఎమర్జెన్సీ ఫండ్‌కి పునాది. అదీ చాలదు, కానీ సున్నా కన్నా నయం.

ఆ లోన్ తీసుకుంటే ఏం జరుగుతుందో కూడా చూడండి. ఐదేళ్లకు నెలకు 575 చొప్పున ఈఎంఐ. మొత్తం వడ్డీ 9,500 డాలర్లు. అంటే పురుడు ఖర్చంత డబ్బు వడ్డీకే పోతుంది. మిగులు 1,700 నుంచి 1,125కి పడిపోతుంది. అందులోంచి కొత్త ప్రీమియం, డైపర్లు, ఫార్ములా, బిడ్డ డాక్టరు ఖర్చులు రావాలి. ఉద్యోగం పోయినా ఈఎంఐ ఆగదు. ఇంత కష్టపడి తెచ్చిన డబ్బు పోయేదెక్కడికి? ప్రీలాంచ్ ప్లాటుకి! రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నమోదు కావాల్సిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటించడమూ, బుకింగులు తీసుకోవడమూ 2016 చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం నిషేధం. 'ప్రీలాంచ్' అన్న మాటే రెరా నంబర్ లేదని చెబుతోంది. అది గుంటల్లో అమ్మే ఫార్మ్ ప్లాటైతే ఇంకా పెద్ద చిక్కు. విదేశంలో ఉంటున్న మీరు ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం వ్యవసాయ భూమి కొనకూడదు. ఇన్ని లక్షలు పోసేముందు డాక్యుమెంట్లు లాయర్‌కి చూపించారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. డిసెంబర్ వాయిదా ఆపండి. కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు వాయిదాకి టైమ్ ఇస్తామంటే సరే, ఇంకో రెండు లక్షలు కడితే రేటు పెరగదు అంటే వినకండి.

'జీరో వడ్డీ క్రెడిట్ కార్డు మీద తీసుకోవచ్చా' అని చివర్లో చేర్చారు. వద్దు. ఆఫర్ గడువు ముగిశాక వడ్డీ ఎంతో చూడండి. 401(కే) రిటైర్మెంట్ ఖాతా మీద లోన్ కూడా ఇప్పుడు వద్దు, ఉద్యోగం పోతే అదీ మెడకు చుట్టుకుంటుంది. పుట్టింటికి పంపేయడం మరో దారి, కానీ వీసా స్టాంపింగు, నెలలు నిండాక విమానాల ఆంక్షలు చూస్తే మీ పరిస్థితికి కుదరదు.

ఆస్పత్రి బిల్లులకు కూడా అప్పు అక్కర్లేదు. డెలివరీ అయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒక కాగితం వస్తుంది, పైన 22,000 లాంటి అంకె ఉంటుంది. దాన్ని చూసి అర్ధరాత్రి ఇండియాకు ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు. అదే కాగితం మీద 'ఇది బిల్లు కాదు' అని రాసి ఉంటుంది. మీరు కట్టాల్సింది కింద, చివరి వరుసలో ఉంటుంది. ఆ తర్వాత ఆస్పత్రి, మిడ్‌వైఫ్‌లు, ల్యాబ్, పిల్లల డాక్టరు వేర్వేరుగా బిల్లులు పంపుతారు. ఒక్కో బిల్లునూ ఆ కాగితంలోని వరుసతో సరిచూసుకునే దాకా డబ్బు కట్టకండి. పెద్ద మొత్తమైతే వడ్డీ లేని వాయిదాలు చాలా ఆస్పత్రులు ఇస్తాయి. లాభాపేక్ష లేని ఆస్పత్రి అయితే ఆర్థిక సాయం పాలసీ ఉండి తీరాలి, అడగడానికి మొహమాటపడకండి. నార్మల్ అయితే 48 గంటలు, సిజేరియన్ అయితే 96 గంటల దాకా ఆస్పత్రి బసకు ఇన్సూరెన్స్ అడ్డు చెప్పకూడదని 1996 చట్టం ఉంది. ఖర్చు భయంతో తల్లిని ముందే ఇంటికి తీసుకురావద్దు. కొన్ని క్లినిక్‌లు ఏడో నెలలోపే మీ వాటా అంచనా వేసి కట్టమంటాయి. అప్పుడు కొత్త ప్లాన్ ప్రకారం అంచనా వేయమని చెప్పండి.

బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో చేర్చాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ రావడానికి ఆలస్యమైనా ఆగకండి. ఇరవయ్యొకటో రోజు బారసాల చేసి పేరు పెట్టాక చేరుద్దాం అనుకుంటే మిగిలేది తొమ్మిది రోజులే. పేరు ముందే అనుకోండి, బారసాల తర్వాత తీరిగ్గా చేసుకోండి. అన్నట్టు, చిన్న కంపెనీలో ఉన్నారు కాబట్టి మీ సెలవు సంగతి ఇప్పుడే హెచ్ఆర్‌తో తేల్చుకోండి. ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) ఇచ్చే పన్నెండు వారాల సెలవు 50 మంది ఉద్యోగులున్న కంపెనీలకే, అదీ జీతం లేకుండా. పురుడు పోయడానికి అత్తగారు వస్తే ఆవిడకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోండి, బీపీ, షుగర్ ఉంటే పాలసీలో ఏది కవర్ కాదో చదివి మరీ. మీ పేరిట టర్మ్ పాలసీ తీసుకోండి, ఆలస్యం చేయకండి.

చివరగా డౌలా. తగ్గించుకోవద్దు. మీ ఆవిడ కోరుకున్నట్టు నార్మల్‌గా అవ్వాలంటే నొప్పుల సమయంలో ఆ గదిలో పక్కన కూర్చుని సాయం చేసే మనిషి కావాలి. అత్తగారి వీసా అపాయింట్‌మెంట్ ఇంకా దొరకలేదంటున్నారు కూడా. ప్లాటుకు 20 లక్షలు పెట్టడానికి సిద్ధపడి, దీని దగ్గర లెక్కలు వేస్తున్నారెందుకు? సాధారణంగా సగం ముందు, సగం డెలివరీ దగ్గరికి వచ్చాక అడుగుతారు. మొదటి 800 నవంబర్ జీతంలోంచి ఇచ్చేయండి. ఎమర్జెన్సీ ఫండ్ ఆ మేరకు ఒక నెల ఆలస్యంగా నిండినా ఫర్వాలేదు.